పరిచయం పట్టా అవుతుందా?

హైదరాబాదు నుంచి నాగపూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద, నిర్మల్ ఘాటు ఎక్కి నేరడిగొండ దాటాక తగిలే పెద్ద ఊరు ఇచ్చోడ. పత్తి, సోయా, కంది పండే నల్లరేగడి నేల. తెలుగు, మరాఠీ, గోండి, లంబాడీ, ఉర్దూ ఒకే బజారులో వినబడతాయి. 2016 అక్టోబరు 11న పాత ఆదిలాబాదు జిల్లా నాలుగు ముక్కలైంది. ఎకరాల్లో మాట్లాడుకునే భూమిని గజాల్లో మాట్లాడుకోవడం రోడ్డు వెంట పాకుతూ వచ్చింది. దాని వెంట గ్రూపులు వచ్చాయి: ఫోన్లో కొన్ని, హోటల్ బల్లల చుట్టూ కొన్ని. కొత్తగా నాలుగు రాళ్లు వెనకేసుకున్న కుర్రవాళ్లు వాటిలో చేరుతున్నారు. చేరాలా వద్దా అన్న వాదన ఇళ్లలో నడుస్తోంది. ఆ వాదనను ఇక్కడ ఇద్దరి నోట పెడుతున్నాను. ఒకరు గిర్దావర్‌గా (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌గా) పనిచేసి రిటైరైన మేనమామ. ఇంకొకరు జిన్నింగు మిల్లులో లెక్కలు రాసే మేనల్లుడు. ఇద్దరూ కల్పితమే. వాళ్లు మాట్లాడే చట్టాలు, తేదీలు కావు.

అల్లుడు: మామా, నేను ఆ గ్రూపుల చేరిన. ఆదివారం ఆదివారం హైవే మీది హోటల్ల కూసుంటరు. ఇద్దరు సార్లున్నరు, ఒక ఎరువుల దుకాణమాయన, సర్వేయర్ ఎంబడి తిరిగే పిలగాడు, నలుగురు ఏజెంట్లు. భూమి కొనుడు నేర్చుకోవాల్నంటే భూమి తెలిసినోళ్ల నడుమ ఉండాలె గదా.

మామ: వాళ్లకు తెలిసింది రేటు. భూమి తెలుసని ఎట్లంటున్నవ్?

అల్లుడు: రేటు తెల్వకుంట ఎవడన్న కొంటడా? నాకు తాతలిచ్చిన జాగ లేదు. మిల్లుల లెక్కలు రాసుకుంట ఆరు లక్షలు జమ చేసిన. ఊర్ల పెద్దోళ్లకు ఫలానోడు భూమి అమ్ముతుండని ముందుగాల్నే తెలుస్తది. ఎట్ల తెలుస్తది? ఒకలకొకలు ఎర్కున్నరు కాబట్టి. నా అసోంటోనికి ఎవలు చెప్తరు? నా చెవుల పడేసరికి ఆ జాగ రెండు చేతులు మారుతది. పైసలు తక్కువున్నోనికి పరిచయమే పెట్టుబడి మామా.

మామ: అది నిజమే, కాదన. గని ఆ బల్ల చుట్టు కూసున్నోళ్లు ఒక్కొక్కలు దేని మీద బతుకుతున్నరో చూసినవా? ఏజెంటుకు నువ్వు కొంటెనే కమిషన్. ఎరువులాయన ముందే నాలుగు ప్లాట్లు కొని పెట్టుకున్నడు, పక్క ప్లాటు నువ్వు కొంటే ఆయన రేటు లేస్తది. సార్లు బయానా ఇచ్చి కూసున్నరు, గడువు దాటకముందే ఎవని మీదన్న తొయ్యాలె. "ఇది కొనకు బిడ్డా" అని చెప్తే లాభపడేటోడు గా బల్ల కాడ ఒక్కడన్న ఉన్నడా?

అల్లుడు: లాభం లేంది ఎవలు ఎవలకు సాయం చేస్తరు? డాలస్‌ల నా దోస్తున్నడు. అక్కడ ఇన్వెస్టర్ల క్లబ్బులుంటయట. నెలకోసారి కలుస్తరు, కొత్తోళ్లు పాతోళ్ల పక్కన కూసొని నేర్చుకుంటరు. అక్కడ తప్పు కాంది ఇక్కడ తప్పెట్లయితది?

మామ: కలుసుకునుడు తప్పని నేననలే. అక్కడ ఇల్లు కొంటే హక్కు మీద బీమా తీసుకుంటరు, దాన్ని టైటిల్ ఇన్సూరెన్స్ అంటరు. రేపు ఎవడన్న వచ్చి ఇది నాదంటే ఆ కంపెనీ భరిస్తది. కంపెనీ తన పైసల కోసమైనా పాత కాగితాలన్ని తిరగేస్తది. ఇక్కడ మనకున్నది 1908 రిజిస్ట్రేషన్ చట్టం. అది దస్తావేజును రిజిస్టర్ చేస్తది, హక్కును కాదు. సబ్ రిజిస్ట్రార్ ఇద్దరి వేలిముద్రలు తీసుకుంటడు, స్టాంపు డ్యూటీ చూస్తడు, నిషేధిత జాబితాల ఉన్నదా లేదా చూస్తడు. అమ్మేటోనికి నిజంగ అమ్మే హక్కున్నదా అని తేల్చుడు ఆయన పని కాదు. అది నీ పని. ఆ పని చేసేటోడు నీ గ్రూపుల లేడు.

అల్లుడు: సరే, పని చెప్త విను. రోడ్డు నుంచి జర లోపలికి రెండెకరాలున్నది. పది మందిమి తలా ఐదు లక్షలు ఏస్తం. రైతుకు బయానా ఇచ్చి ఆరు నెలల అగ్రిమెంటు రాయించుకుంటం. ఆ లోపల గుంటలు గుంటలుగ కొట్టి అమ్ముతం. రిజిస్ట్రేషన్ సీదా కొనేటోళ్ల పేరు మీదనే. 2021 జూలైల డ్యూటీలు, ఫీజులు అన్ని కలిపి ఏడున్నర శాతం జేసిండ్రు గదా, మేం ఓసారి వాళ్లోసారి కడితే మిగిలేదేంది?

మామ: అగ్రిమెంటు ఎవల పేరు మీద?

అల్లుడు: గ్రూపు నడిపే అన్న పేరు మీద. మాకు కాగితం మీద రాసిస్తడు.

మామ: అంటే నువ్వు భూమి కొంటలేవు, ఒక మనిషికి అప్పిస్తున్నవ్. అది తెలిసి ఇస్తే నాకేం ఇబ్బంది లేదు. తెల్వక ఇస్తున్నవ్, అదే నా బాధ. అగ్రిమెంటు ఉన్నంత మాత్రాన ఆ అన్నకే హక్కు రాదు. 2011ల సూరజ్ లాంప్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది: అగ్రిమెంటు, జీపీఏ, వీలునామా కలిపి చేతిల పెట్టినా అది అమ్మకం కాదు, రిజిస్టరైన సేల్ డీడే అమ్మకం. ఇగ ఆరు నెలల్ల కొనేటోళ్లు దొరకకపోతే బయానా పాయె. పత్తి రేటు పడ్డ ఏడు ఊర్ల ఎవని చేతుల పైసలుంటయో మిల్లుల కూసున్న నీకు నాకన్న మంచిగ తెలుసు.

అల్లుడు: పత్తి రేటు పడ్డ ఏడే రైతు అమ్ముతడు కూడ.

మామ: నువ్వన్నది నిజమే. ఆ మాట యాది పెట్టుకో, మల్ల దాని కాడికొస్త. ముందు గుంటల సంగతి. సాగు భూమిని ప్లాట్లు చెయ్యాల్నంటే నాలా కన్వర్షన్ కావాలె, డీటీసీపీ లేఅవుట్ కావాలె. 2016ల వచ్చిన రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటయితే రెరాల రిజిస్టర్ చెయ్యకుంట ప్రకటన సుత ఇయ్యొద్దు, బుకింగు తీసుకోవద్దు. 500 చదరపు మీటర్లంటే ఎంత? ఐదు గుంటలకు జర తక్కువ. మీది ఎనభై గుంటలు. అసోంటి ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు సుత రెరాల రిజిస్టర్ కావాలె. మీ బల్ల కాడున్న నలుగుర్ల ఎంతమందికి ఆ నంబరున్నదో అడిగినవా?

అల్లుడు: ఇచ్చోడల ఎవలడుగుతరు మామా అవి? హైదరాబాదుల అడుగుతరు.

మామ: 2020ల అనుమతి లేని లేఅవుట్లను సక్కజేస్తమని ఎల్ఆర్ఎస్ పెట్టినప్పుడు రాష్ట్రం మొత్తం మీద 25 లక్షలకు పైగ దరఖాస్తులు వచ్చినయి. అనుమతి లేని ప్లాటు కొని ఇరుకున్నోళ్లు గంతమంది. వాళ్లందరు హైదరాబాదోళ్లేనా? వాళ్లల్ల ఎక్కువమందికి ప్లాటు ఎవలు చూపెట్టిండ్రనుకున్నవ్? సుట్టపోడు, దోస్తు, పక్కింటాయన. పరిచయమే గదా అది!

ఇక్కడ ఒక్క మాట నా తరఫున. మామ చెప్పిన ఆ 25 లక్షల సంఖ్యను మనం చాలాకాలం ప్రభుత్వ ఆదాయం లెక్కగానే చూశాం. ఇన్ని లక్షల కుటుంబాలు ఒక నమ్మకం మీద కొని, ఆ నమ్మకానికి మళ్లీ రుసుము కట్టడానికి వరసలో నిలబడ్డాయని చూడలేదు. తెలిసినవాడు చెప్పాడన్న ధీమా లేకపోతే అందులో చాలామంది కాగితం అడిగి ఉండేవారు. అయితే కాగితంతోనే పని తీరిపోతుందని మామ అనుకుంటే, ఆ మాటనూ నేను ఒప్పుకోను. అల్లుడూ ఒప్పుకోలేదు.

అల్లుడు: నువ్వు ఇంతసేపు చెప్పినయన్ని కాగితాలే. కాగితంల అంత ఉంటదా? పాత పహాణీల పట్టాదారు పేరొక గడి, కాస్తు చేసేటోని పేరొక గడి ఉండేటిది. 2020ల ధరణి పోర్టల్ వచ్చినంక కాస్తు గడి పాయె. పట్టాదారొక్కడే మిగిలిండు. ఇరవై ఏండ్ల కింద తెల్ల కాగితం మీద సాదా బైనామా రాయించుకొని దున్నుకుంటున్నోడు ఏ రికార్డుల కనబడతడు? సాదా బైనామాలు సక్కజేస్తమంటే దాదాపు తొమ్మిది లక్షల మంది దరఖాస్తు పెట్టుకున్నరు. నీ తహసీల్ ఆఫీసుల నకలు తీస్తే అంత సాఫుగనే కనబడతది. చేన్లకు పోతే నాగలి పట్టుకొని ఇంకోడు నిలబడతడు. ఆ సంగతి నాకు ఎవలు చెప్పాలె? మనుషులే చెప్పాలె. అందుకే మనుషులల్ల తిరగాలంటున్న.

మామ: (కొంచెంసేపు ఆగి) ఇది నువ్వు నా మీద గెలిచిన మాట. ఒప్పుకుంటున్న. 2025 ఏప్రిల్ 14 నుంచి ధరణి బదులు భూభారతి నడుస్తున్నది, సాదా బైనామాలకు దాంట్ల తొవ్వ పెట్టిండ్రు. అయినా నేల మీద ఎవడున్నడో కంప్యూటర్ల పూర్తిగ కనబడే రోజు ఇంకా రాలే. ముప్పై ఏండ్లు నేను చేసిన పనే అది: చేన్ల పొంటి తిరుగుడు, అడుగుడు, రాసుడు. మరి నేను ఎవలను అడిగేటోన్ని? ఏజెంటునా? నాలుగు హద్దుల రైతులను. తూర్పు గట్టు ఎవనిది, పడమటి గట్టు ఎవనిది, బండ్ల బాట ఎటు పోతది, వానాకాలం నీళ్లు ఎటు నిలబడతయి, బోరు పడ్డదా. ఆ నలుగురికి నువ్వు కొంటే వచ్చేది లేదు, కొనకపోతే పోయేది లేదు. పైగ రేపు నీ పక్కన ఉండేటోళ్లు వాళ్లే. నేను గ్రూపంటే అదంట.

అల్లుడు: వాళ్లకు సుత కడుపుమంట ఉంటది మామా. కొత్తోడొచ్చి కొంటే ఓర్వరు. లేని తగాదా ఉన్నదని చెప్తరు.

మామ: చెప్తరు. అందుకనే ఒక్కన్ని అడగొద్దు, నలుగురినీ యేరే యేరేగ అడగాలె. ఇంకో గ్రూపున్నది, మీ హోటల్ బల్ల కాడ ఆ ఊసు రానే రాదు. ఊర్ల మహిళా సంఘం. ఎవలింట్ల అప్పున్నది, ఎవని బిడ్డను ఏ ఊరికిచ్చిండ్రు, ఏ అక్క పుట్టింటి భాగం ఇంక అడుగుతున్నది, ఆడోళ్లకు తెలిసినంత ఎవలకు తెల్వదు. 2005ల హిందూ వారసత్వ చట్టం సవరించినంక బిడ్డకు సుత కొడుకుతోటి సమానంగ పిత్రార్జితంల వాటా. 2020ల వినీతా శర్మ కేసుల సుప్రీంకోర్టు ఇంకా ఖుల్లంఖుల్ల జేసింది: ఆ సవరణ నాటికి తండ్రి బతికున్నడా లేదా అన్నదాంతోటి పని లేదు, బిడ్డకు హక్కు పుట్టుకతోటే. అన్నదమ్ములు ముగ్గురు సంతకాలు పెడతరు, మెట్పల్లికిచ్చిన అక్కను ఎవడూ పిలవడు. నువ్వు ఇల్లు కట్టినంక ఆమె నోటీసు వస్తది. ఆమె చేస్తున్నది అన్యాయమా? కాదు. ఆమె వాటా ఆమె అడుగుతున్నది. నీకు ఆమె సంగతి చెప్పనోడు చేసింది అన్యాయం.

అల్లుడు: గది మా గ్రూపుల ఎవ్వలూ చెప్పలే.

మామ: చెప్పరు. చెప్తే బేరం ఆగుతది. మన మండలంలనే ముఖ్రా (కె) చూడు. గాడ్గే మీనాక్షి సర్పంచున్నప్పుడు ఊరంత కలిసి చెత్తతోటి వర్మీకంపోస్టు చేసి అమ్మి పంచాయతీకి ఆమ్దానీ తెచ్చిండ్రు. ఎంత వచ్చింది, దేనికి పెట్టిండ్రు, ఊర్ల అందరికి తెలుసు. సంఘమంటే లెక్క అందరికి కనబడాలె. నీ గ్రూపుల ఏ బేరంల ఎవలకెంత ముట్టిందో ఎప్పుడన్న బల్ల మీద పెట్టిండ్రా?

అల్లుడు: లేదు. అడిగితే బాగుండదని నేను సుత అడగలే. మొన్న ఇంకో మాట జరిగింది, చెప్తే నువ్వు కోపానికొస్తవ్.

మామ: చెప్పు.

అల్లుడు: ఇంద్రవెల్లి దిక్కు ఒక ఊర్ల నాలుగెకరాలున్నది. గోండు రైతుది. రేటు మన దగ్గరి దాంట్ల సగం సుత లేదు. ఆయనకు తెలిసిన ఇంకో ఆదివాసీ పేరు మీద రాయించుకుందాం, పైసలు మనయి, పంట మనది అన్నడొకాయన.

మామ: ఆ ఊరు షెడ్యూల్డ్ గ్రామమా కాదా అడిగినవా? మన దగ్గర అది మండలాన్ని బట్టి కాదు, రెవెన్యూ గ్రామాన్ని బట్టి ఉంటది. ఒక ఊరు జాబితాల ఉండొచ్చు, దాని పక్కూరు ఉండకపోవచ్చు. జాబితాల ఉంటే 1/70 చట్టం. 1959 నాటి రెగ్యులేషన్‌ను 1963ల తెలంగాణకు తెచ్చిండ్రు, 1970ల గట్టి జేసిండ్రు. షెడ్యూల్డ్ ప్రాంతంల భూమి ఆదివాసీకి తప్ప ఇంకెవలకు పోవద్దు. ఆదివాసీ గిరిజనేతరునికి అమ్మినా, గిరిజనేతరుడు గిరిజనేతరునికి అమ్మినా చెల్లదు. 1988ల సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. 1997ల సమతా కేసుల, ప్రభుత్వం సుత అక్కడి తన భూమిని గిరిజనేతరులకు లీజుకియ్యరాదని చెప్పింది. సర్కారే చెయ్యలేని పని హోటల్ బల్ల కాడ నువ్వు చేస్తవా? జైలు సుత ఉన్నది దాంట్ల. ఇగ పేరు ఆయనది పైసలు నీయి అంటే అది బినామీ. 1988 బినామీ చట్టం ప్రకారం ఈ భూమికి పైసలు నేనిచ్చిన, నాకిప్పియ్యిండ్రని కోర్టుకు సుత పోలేవు.

అల్లుడు: చట్టం నాకు అర్థమైంది మామా. గని ఒకటి చెప్పు. ఆ రైతు బిడ్డ పెండ్లి ఉన్నది, దవాఖాన ఖర్చున్నది. అమ్ముకుందామంటే కొనేటోళ్లు లేరు. రేటు సగం పడ్డదంటే చట్టం వల్లనే గదా పడ్డది? ఆయనను కాపాడుతున్నమంటున్నం, ఆయన చేతిల పైసలు లేకుంట జేస్తున్నం. ఇది ఆయనకు న్యాయమేనా?

మామ: అడగాల్సిన మాటే. నేను నౌకరీల ఉన్నప్పుడు సుత ఈ మాట నన్ను తిననియ్యలే. ఆయనకు అప్పు కావాలె, సర్కారు బ్యాంకు తొందరగ ఇయ్యది, షావుకారు ఇస్తడు. ఉట్నూరు ఐటీడీఏ ఉన్నది, గిరిజన సహకార సంస్థ ఉన్నది. అవసరమున్న రాత్రి ఆయన చేతికి పైసలందుతున్నయా అంటే అందుతున్నయని నేను చెప్పలేను. గని భూమి పోతే ఏమైతదో ఈ జిల్లా చూసింది. జోడేఘాట్‌ల 1940ల కుమ్రం భీం దేని కోసం పాణం ఇచ్చిండు? ఆ తర్వాత నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపితే ఆయన మార్లవాయిల ఉండి రాసింది ఏంది? చదువు రాని గోండు రైతుల భూములు కాగితం తెలిసినోళ్ల చేతులకు ఎట్ల పోతున్నయో రాసిండు. అప్పుడు సుత పరిచయమే. షావుకారు పరిచయం, పట్వారీ పరిచయం. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిల సభకు వచ్చినోళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపిండ్రు. సర్కారు లెక్కనే 13 మంది సచ్చిండ్రు. ఆ సభ సుత భూమి కోసమే. ఇప్పటికీ కేస్లాపూర్ నాగోబా దర్బారుల భూమి అర్జీలు వస్తున్నయి. గా ఊర్లకు నువ్వు చవుక రేటని పోతవా?

అల్లుడు: పోను. ఆ నాలుగెకరాల మాట నేను ఇంక ఎత్త. గని ఆయన అప్పు సంగతి నువ్వు చెప్పలేకపోయినవ్ అన్నది యాది పెట్టుకుంట.

మామ: పెట్టుకో. నేను సుత పెట్టుకుంట. పత్తి రేటు పడ్డ ఏడే రైతు అమ్ముతడన్నవ్ గదా, ఇందాక దాని కాడికొస్తనన్న. ఇచ్చోడల అయినా అదే. రైతు గతి లేక అమ్ముతున్నప్పుడు పది మంది కూడబలుక్కొని ఒక్క రేటు చెప్పుడు, మీలో మీరు పోటీ పడకుండ ఉండుడు, ఇది నెట్‌వర్కని మీరంటరు. ఆ రైతుకు అది ఊరంత ఒక్కటై మీద పడ్డట్టు. నువ్వు కొనుడు తప్పు కాదు. ఆయనకు ఇంకో రేటు వినే అవకాశం లేకుంట జేసుడు తప్పు.

ఈ మాటకు అల్లుడు వెంటనే జవాబు చెప్పలేదు. నెట్‌వర్కింగ్ గురించి పుస్తకాల్లో, వీడియోల్లో చెప్పేవాళ్లు ఎప్పుడూ కొనేవాడి వైపు నుంచే చెబుతారు. ఎంతమందిని కలవాలి, ఏం మాట్లాడాలి, ముందుగా బేరం ఎలా పట్టాలి. అమ్మేవాడికి గ్రూపు లేదన్న సంగతి అందులో రాదు. ఆదిలాబాదు జిల్లాలో ఆ లోటు మరీ బరువైనదని నా అభిప్రాయం.

అల్లుడు: మామా, ఒక్కటి మాత్రం ఒప్పుకోను. నువ్వు చెప్పినట్టు హద్దుల రైతులను, సంఘం ఆడోళ్లను అడిగి, ఈసీ తీసి, పాత పహాణీలు తీసి, సర్వే చేయించేసరికి ఇంకోడు రాత్రికి రాత్రి బయానా ఇచ్చి పోతడు. అన్ని సక్కగ చూసుకున్నోనికి భూమి దొరకదు.

మామ: ఆ ఒక్క భూమి దొరకదు. నీ దగ్గరున్నయి ఆరు లక్షలు. పోయిన జాగకు బదులు ఇంకోటి వస్తది. ఇరికిన ఆరు లక్షలు జమ చెయ్యాల్నంటే మల్ల ఎన్నేండ్లు మిల్లుల లెక్కలు రాయాలె?

అల్లుడు: నేను గ్రూపు ఇడిసిపెట్ట. వార్త అక్కడనే వస్తది.

మామ: ఇడిసిపెట్టుమని నేను అంటలేను. వార్త అక్కడ విను. గని నెల కిస్తీలు కట్టించుకొని లక్కీ డ్రాల ప్లాటిస్తమని ఎవడన్న లేస్తే లేచి రా, అసోంటియి 1978 ప్రైజ్ చిట్ల నిషేధ చట్టంతోటే బందు. మిగిలినదాన్ని బయటికొచ్చి అడుగు. ఈ ఆదివారం పోయి గా రెండెకరాల సర్వే నంబరు తీసుకరా. అగ్రిమెంటుల పది మంది పేర్లు రాస్తరా, రిజిస్టర్ చేయిస్తరా, కమిషన్ ఎవలకెంత, రెరా నంబరేది, అందరి ముందట అడుగు.

అల్లుడు: అడిగితే నన్ను గ్రూపుల నుంచి తీసేస్తరేమో.

మామ: తీసేస్తే తీసెయ్యనియ్. సర్వే నంబరైతే రాసుకొని రా. సోమవారం పొద్దుగాల చేను కాడికి పోదాం, గట్ల పొంటి ఎవలుంటరో నాకు ఎర్కే.

అల్లుడు: సోమవారం మిల్లుల కాంటాలుంటయి. మంగళవారం పోదాం.